కళ్ళద్దాలు బల్ల మీదే ఉన్నాయి

నేను లెక్కల టీచర్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నన్ను ఎవరూ ఏమీ అనడానికి ఉండదు. కథలంటే నాకు చిరాకు. లేని మనిషెవరో, లేని ఊళ్ళో, లేని కష్టం పడితే ఉన్న నేను ఎందుకు ఏడవాలి? ఇదే ప్రశ్న మా తోడికోడల్ని అడిగితే సమాధానం చెప్పకుండా నా వంక జాలిగా చూసేది. ఆ జాలి చూపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మా తోడికోడలు మా బడిలోనే సాహిత్యం చెబుతుంది. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కుతాం, స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటాం. లెక్కలు గొప్పవా, కథలు గొప్పవా అని మేమిద్దరం ఓ సాయంత్రం వంటింట్లో మొదలుపెట్టిన వాదన పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా సాగింది. మా అత్తగారు వచ్చి, పొయ్యి కట్టేసి, ఇద్దర్నీ ఎగాదిగా చూసి శాసనం చేసింది.

"చెప్పులు ఎక్కడ విప్పుతారో బడి కూడా అక్కడే విప్పి రండి. గుమ్మం దాటి లోపలికి బడి మాట వచ్చిందో, మర్నాటి నుంచి వంట మీ మొగుళ్ళు చేస్తారు."

ఆ బెదిరింపు మామూలుది కాదు. మా ఆయనా, మా మరిదీ కలిసి వండింది మేం ఒకసారి తిని ఉన్నాం. అప్పట్నుంచీ మా ఇంట్లో బడి మాట ఎవరూ ఎత్తలేదు. ఈ ఏడాది నా కొంప ముంచింది ఈ శాసనమే.

మా తోడికోడలికి డాక్టరు చెప్పిన రోజు కంటే ముందే నొప్పులొచ్చాయి. తల్లీపిల్లా క్షేమం. ఆడపిల్ల, పిడికిలి బిగించి ఏడుస్తుంది, పోలిక పెద్దకోడలిదే అని మా అత్తగారు అంటుంది. ఆ వారమే ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు.

"ఆవిడ సెలవు అయ్యేదాకా సాహిత్యం క్లాసు మీరే చూడాలండీ," అన్నారు. "కంగారు పడకండి. నవల ఒకటుంది, దానికో గైడుంది. పిల్లలు గైడు బట్టీ పడతారు. మీరు ఊరికే కూర్చుంటే చాలు."

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని ఆయనకి తెలుసు. అందుకే వెంటనే ఇంకో మాట వేశారు.

"ఇంకో సంగతి. పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన పరిశీలనకి వస్తున్నారు. అసలు బడికి సాహిత్యం గంట అవసరమా అని తేలుస్తారట. అక్కర్లేదంటే ఆ గంట మీకే. లెక్కలకి ఇంకో గంట కావాలని ఏళ్ళ తరబడి నా ప్రాణం తీస్తున్నారు కదా!"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కుర్చీలోంచి లేచి తలుపు దాకా వచ్చాక బుర్ర పనిచేసింది.

"మరి మా తోడికోడలో?"

"గంటే లేకపోతే పోస్టెక్కడిదండీ?"

"నేను గంట అడిగాను గానీ మనిషిని తీసెయ్యమన్లేదు."

"రెండూ ఒకటే కదండీ," అన్నారాయన, నాకేదో కూడిక నేర్పుతున్నట్టు.

ఆ సాయంత్రం ఇంటికెళితే మా తోడికోడలు పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. నా ముఖం చూసి ఏదో అడగబోయి, వంటింట్లో ఉన్న అత్తగారి వైపు చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నీ ఉద్యోగానికి నీళ్ళు వదులుకోబోతున్నావని పచ్చి బాలింతకి ఎవరు చెబుతారు? ఆ గంట పోకూడదని మాత్రం ఆ క్షణాన గట్టిగా అనుకున్నాను. కథల మీద ప్రేమతో కాదు. మా ఇంటి మనిషిని ఎవరో బయటికి నెడుతుంటే చూస్తూ ఊరుకునే రకాన్ని కాను నేను.

మర్నాడు క్లాసులోకి వెళ్ళి, "ఈ నవల గురించి మీ అభిప్రాయం చెప్పండి," అన్నాను. ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది. ఆ పిల్లని అందరూ గైడు అని పిలుస్తారు, ఎందుకో వెంటనే అర్థమైంది.

"ఈ నవలలో రచయిత మానవ సంబంధాలలోని సున్నితత్వాన్ని హృద్యంగా, రమ్యంగా, రసవత్తరంగా చిత్రించారు టీచర్."

"ఏ పేజీలో?"

గైడు నోరు తెరిచింది. లెక్కల క్లాసులో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అది. జవాబొక్కటే చెబితే నేను మార్కు వెయ్యను, ఎలా వచ్చిందో చూపించాలి. సాహిత్యం క్లాసులో అలా ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"అన్ని పేజీల్లోనూ టీచర్."

"సరే, అయితే ఒకటి చూపించు."

గైడు పుస్తకం తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూనే ఉంది. గంట కొట్టాక కూడా తిప్పుతూనే బయటికి వెళ్ళింది. నేను బోర్డు మీద మూడు మాటలు రాసి, చెరపొద్దని చెప్పి వచ్చాను. ఏ పేజీ? ఏ వాక్యం? అందుచేత?

ఇక ఆ నవల నేను కూడా చదవాలి కదా. ఇంట్లో చదివితే అత్తగారి శాసనం అడ్డం, అందుకని బస్సులో చదివాను. కథేమిటంటే, ఒక అక్క, ఒక చెల్లెలు. ఇద్దరూ గడియారాలు బాగుచేసే కొట్టు నడుపుతుంటారు. కొత్తరకం గడియారాలు పెడదామని చెల్లెలంటుంది, ససేమిరా అని అక్కంటుంది. మాటా మాటా పెరిగి చెల్లెలు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల వదిలేసి వెళ్ళిన అలారం గడియారానికి అక్క రోజూ కీ ఇస్తూ ఉంటుంది.

అక్కడ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇంకో స్టాపు కూడా దాటిపోయింది. కండక్టర్ వచ్చి, "మేడమ్, ఇక బస్సు తిరగదు, షెడ్డుకే," అంటే తలెత్తాను. అప్పటికి ఆఖరి పేజీలో ఉన్నాను. జోరున వాన. ఎవరో తలుపు తట్టారు. అక్క చేస్తున్న పని ఆపింది, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది, వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా

అంతే. పేజీ తిప్పితే తెల్ల కాగితం. అది తిప్పితే అట్ట. వాక్యం చివర చుక్క కూడా లేదు. నాకు ఎంత మండిందంటే, ఎదురుగా ఎవరున్నారని బస్సు షెడ్డులో పైకే అరిచాను. అక్కడెవరూ లేరు, కండక్టర్ తప్ప.

మర్నాడు స్టాఫ్ రూములో అడిగాను. భూగోళం మేడమ్ గారు టీ చప్పరిస్తూ, "ఆధునిక నవలలు అంతేనటండీ, మిగతాది మనమే ఊహించుకోవాలట," అన్నారు. నమ్మాను. కథల వాళ్ళు ఎంతకైనా తెగిస్తారని నాకు ముందు నుంచీ అనుమానమే. మా తోడికోడల్ని అడగొచ్చు కదా అంటారేమో. ఒకటి, శాసనం. రెండు, "అర్థం కాలేదా అక్కా?" అని ఆవిడ చూసే ఆ జాలి చూపు.

పక్క కుర్చీలోంచి డ్రిల్లు మాస్టారు అందుకున్నారు. ఆయన చిన్న తరగతులకి ఆరోగ్య శాస్త్రం కూడా చెబుతారు.

"ఈ ఏడాది మా పుస్తకం కూడా మారిపోయింది మేడమ్. ఆఖరి పాఠం చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది."

ఆరోగ్య శాస్త్రంలో గొంతు పట్టేసేదేముంటుందని ఎవరూ ఆయన్ని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

నేను క్లాసుకి వెళ్ళి ప్రకటించాను. "తలుపు దగ్గర ఉన్నదెవరో రుజువు చెయ్యండి. ఊహలొద్దు. పుస్తకంలో ఉన్నదే ఆధారం."

ఆ తర్వాత జరిగినదాన్ని క్లాసు అనరు. నా సర్వీసులో అలాంటి గోల వినలేదు, అంత సంతోషంగా కూడా ఎప్పుడూ లేను. ప్రతిదానికీ అడ్డం లేచే ఒకబ్బాయి ఉన్నాడు, వాణ్ణి సందేహం అంటారు. వాడు బెంచీ ఎక్కినంత పని చేశాడు.

"చెల్లెలు కానే కాదు టీచర్! చెల్లెలు తలుపు తట్టదు, గొలుసు ఆడిస్తుంది. మూడు చోట్ల ఉంది, పేజీలు చెబుతాను రాసుకోండి!"

"ఇన్నేళ్ళయ్యాక వస్తే గొలుసెలా ఆడిస్తుందిరా?" గైడు గయ్యిమంది. "మొహమాటం ఉండదా? పరాయిదానిలా తడుతుంది! తట్టిందంటేనే అది చెల్లెలు!"

అని, తన నోట్లోంచి ఏం వచ్చిందో తనకే అర్థమై గైడు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏ గైడులోనూ లేని మాట అది. "ఏ పేజీ?" అన్నాను కరుకుగా, నవ్వు బయటపడకుండా. మొహమాటం మాట తొమ్మిదో అధ్యాయంలో ఉందని చూపించింది. నిజంగానే ఉంది!

వెనక వరసలో ఒకడు, మొదటి అధ్యాయంలో గోడ గడియారం ఇచ్చి మళ్ళీ రాని మనిషి వచ్చాడని వాదించాడు. ఒకమ్మాయి లేచి, "నాకు రుజువు లేదు టీచర్, ఏడుపు మాత్రం వచ్చింది," అంది. అందరూ నవ్వబోయారు.

"ఏ వాక్యం దగ్గర?" అన్నాను.

"కీ ఇచ్చింది అన్న దగ్గర."

"ఎందుకు?"

"లేచేవాళ్ళు ఇంట్లో లేరు కదా టీచర్. అయినా అలారానికి కీ ఇచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ఏడుపు కూడా ఆధారమేనని, అయితే ఏ మాట దగ్గర వచ్చిందో చెప్పి తీరాలని బోర్డు మీద కలిపాను. ఇదంతా సాహిత్యం ఎలా చెప్పాలో తెలిసి చేశానని అనుకోకండి. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దాన్నే తీసుకెళ్ళి వీళ్ళ నెత్తిన పెట్టాను.

వారం తిరిగేసరికి బడంతా పాకింది. నీళ్ళ కుళాయి దగ్గర, సైకిళ్ళ షెడ్డు దగ్గర ఇదే గొడవ. గొలుసు చప్పుడుకీ తట్టిన చప్పుడుకీ తేడా లోపలున్న మనిషికి ఎలా తెలుస్తుందో చూద్దామని ఓ రోజు పరీక్ష పెట్టాం. తలుపేసి, ఒకణ్ణి బయటికి పంపి రకరకాలుగా తట్టమన్నాం. గైడు లోపల అక్క. అందరం ఊపిరి బిగబట్టాం. తలుపు చప్పుడైంది. గైడు మెల్లగా నడిచి వెళ్ళి, ఒక్క లాగు లాగి తీసింది.

ఎదురుగా ప్రిన్సిపాల్ గారు.

క్లాసు క్లాసంతా కెవ్వుమంది. ఆయన అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇది ఏ పేజీలోనూ లేదు టీచర్," అన్నాడు సందేహం నిరాశగా.

ఆయన నన్ను బయటికి పిలిచి, పరిశీలన ఎల్లుండేననీ, పిల్లల చేత గైడు చదివించమనీ, ఈ తలుపుల ఆట కట్టిపెట్టమనీ చెప్పారు. "మీ తోడికోడలి గంట నిలబడాలనుందా, వద్దా?" అన్నారు. లోపలికి వచ్చి కూర్చున్నాను. గైడు తీయండి అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే కిటికీ చెయ్యెత్తింది.

కిటికీ అంటే కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. ఎప్పుడూ బయటికే చూస్తుంది. అది చెయ్యెత్తగా ఎవరూ చూడలేదు.

"టీచర్, కళ్ళద్దాలు," అంది.

"ఏ కళ్ళద్దాలు?"

"అక్క కళ్ళద్దాలు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, అవి లేకపోతే ఆవిడకి ఏమీ కనబడదని మొదట్లోనే ఉంది. మరి పుస్తకం మొత్తంలో మూడుసార్లే తీస్తుంది. నాన్న మంచం దగ్గర. చెల్లెలు పెట్టె సర్దుకుంటున్నప్పుడు. తలుపు తీసే ముందు. చూడ్డానికి భయపడ్డప్పుడే తీస్తుంది."

"అందుచేత?"

కిటికీ చాలాసేపు బయటికి చూసింది. "తెలీదు టీచర్. ఇంకా ఆలోచిస్తున్నాను."

ఆ జవాబుకి నేను పూర్తి మార్కులు వేశాను. గైడు తీయమనే మాట నా నోట్లోనే ఉండిపోయింది.

పరిశీలన రోజు వచ్చింది. పెద్దాయన నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో సొంత నవల ప్రతితో వచ్చారు. డ్రిల్లు మాస్టారు కుర్చీ మోసుకొచ్చి వేసి, చంకలో ఆరోగ్య శాస్త్రంతో తలుపు దగ్గరే నిలబడిపోయారు. ప్రిన్సిపాల్ గారు పెద్దాయన్ని పరిచయం చేస్తూ, "మీరు చదివే గైడు రాసింది వీరే," అన్నారు.

పెద్దాయన చిరునవ్వుతో అడిగారు. "ఆఖరి అధ్యాయంలో మీకు బాగా నచ్చినదేమిటి? నూట ఎనభై అయిదో పేజీ తీయండి."

పుస్తకాలు తిరిగాయి. తెల్ల కాగితం. ఇంకోసారి తిరిగాయి. అట్ట.

"మా దాంట్లో నూట ఎనభై నాలుగుతో అయిపోయింది సార్," అంది గైడు.

"అయిపోవడమేంటి? చెల్లెలు వానలో తడిసి వస్తుంది కదా! ఇద్దరూ ఏడుస్తారు కదా!"

"మీ గైడులో ఎవరొచ్చారో రాయలేదు సార్. 'ముగింపు పాఠకుల హృదయాలను కదిలిస్తుంది' అనే ఉంది."

లెక్కల టీచర్ని, పుస్తకంలో పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకోలేదు! వేసవి సెలవుల్లో బడి పుస్తకాలన్నీ కొత్త బైండింగుకి వెళ్ళొచ్చాయని అప్పుడు గుర్తొచ్చింది. ఇంతలో తలుపు దగ్గర్నుంచి డ్రిల్లు మాస్టారు దగ్గారు.

"వానలో తడిసొచ్చే చెల్లెలంటే... అది మా ఆరోగ్య శాస్త్రంలో ఆఖరి పాఠం కదండీ?"

పుస్తకం తెరిచి చూపించారు. తాగునీటిని శుద్ధి చేసే పద్ధతుల వెనకే, కుదురుగా కుట్టేసి, అక్కాచెల్లెళ్ళు.

"కుటుంబ ఆరోగ్యం అనుకుని చెప్పేశానండీ," అన్నారాయన బిక్కమొహం వేసి. "పరీక్ష కూడా పెట్టాను. ఏడవడం వల్ల శరీరానికి కలుగు లాభములేవి అని."

"పిల్లలేం రాశారు?" అన్నారు పెద్దాయన, అడగకుండా ఉండలేక.

"కళ్ళు శుభ్రపడును అని రాశారండీ. మార్కులు వేసేశాను."

క్లాసు గొల్లుమంది. నేను నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకుంటూ లేచారు. "క్షమించాలి సార్. ఈ గంట సంగతి మీరే చూశారు కదా. ఇక ఆఫీసు రూముకి వెళ్దాం పదండి." పెద్దాయన కూడా లేచారు. మా తోడికోడలి ఉద్యోగం ఆ ఇద్దరి వెంట గుమ్మం దాకా నడిచి వెళుతుంటే నాకు కనబడింది. చేతిలో సుద్దముక్క విరిగింది.

"సార్, ఆగండి!" సందేహం నిజంగానే బెంచీ ఎక్కాడు. "ఆ ఆఖరి అధ్యాయం చదివి వెళ్ళండి. మా రుజువులతో సరిపోతుందో లేదో చూడాలి."

పెద్దాయన వెనక్కి తిరిగారు. "ఎవరి రుజువులతో ఏది సరిపోవాలి?"

"రచయిత రాసింది మావాటితో సార్."

నా పై ప్రాణం పైనే పోయింది. పెద్దాయన మాత్రం బోర్డు మీదున్న మాటలు ఒక్కొక్కటే చదువుకున్నారు. ఏడుపు గురించి రాసింది రెండుసార్లు చదువుకున్నారు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుని, చదవమని డ్రిల్లు మాస్టారికి సైగ చేశారు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, కవాతు చెప్పే గొంతుతో అందుకున్నారు.

"చెల్లెలు నిలబడి ఉంది! తల నుంచి వాన నీరు కారుతోంది! అక్క కళ్ళద్దాల్లో ఆమె రూపం స్పష్టంగా మెరిసింది!"

"ఆగండాగండి!"

ఒక్క గొంతు కాదు, క్లాసంతా. గైడు అందరికంటే గట్టిగా అరిచింది. "కళ్ళద్దాలు బల్ల మీదే ఉన్నాయి సార్! వెనక పేజీలోనే తీసి పెట్టింది! మెరవడానికి ముఖం మీద లేవు!"

పెద్దాయన తన ప్రతి తిప్పారు. నూట ఎనభై నాలుగు చదివారు. నూట ఎనభై అయిదు చదివారు. మళ్ళీ వెనక్కి వెళ్ళారు. "నేను ఈ నవల ముప్ఫై ఏళ్ళు చెప్పాను," అన్నారు నెమ్మదిగా. "నాకు కనబడలేదు. సరే, రచయిత మరిచిపోయాడు. మరి మీ లెక్క ప్రకారం ఆవిడ కళ్ళద్దాలు ఎందుకు తీసినట్టు?"

అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆ పిల్ల ఈసారి బయటికి చూడలేదు.

"వచ్చింది చెల్లెలు కాకపోతే, అది కనబడకూడదని సార్," అంది. "కళ్ళద్దాలు లేకపోతే ఎదురుగా ఎవరున్నా మసకే కదా. నోరు విప్పి మాట్లాడేదాకా, ఎవరొచ్చినా చెల్లెలే అనుకోవచ్చు. ఆ కాసేపు ఆవిడకి కావాలి. ఎవరొచ్చారన్నది అక్కర్లేదు సార్. ఎవరు రావాలనుకుందో తెలిసిపోయింది."

నాకు ఒళ్ళు జలదరించింది. లెక్క తెగినప్పుడు తప్ప దేనికీ జలదరించని ఒళ్ళు ఇది. లేని మనిషి, లేని ఊళ్ళో, లేని తలుపు తీస్తుంటే ఉన్న నేను క్లాసు మధ్యలో నిలబడి ఏడ్చేశాను. ఏ వాక్యం దగ్గరో కూడా చెప్పగలను.

పెద్దాయన తన కళ్ళద్దాలు తీశారు.

"సార్," అన్నాడు సందేహం, నోరు కట్టేసుకోవడం చేతకాక, "మీరేం చూడకూడదనుకుంటున్నారు?"

ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకున్నారు.

"నా గైడు," అన్నారు పెద్దాయన.

అని పగలబడి నవ్వారు. కుర్చీ ఊగిపోయేలా నవ్వారు. ఆ నవ్వుకి క్లాసు ఎగిరి గంతులేసింది, డ్రిల్లు మాస్టారు ఆరోగ్య శాస్త్రం గాల్లోకి విసిరి పట్టుకున్నారు, గంట కొట్టినా ఎవరికీ వినబడలేదు. ఆ తర్వాత ఆయన తట్టిన చప్పుడు గురించి గైడుతో వాదనకి దిగి, భోజనం చల్లారిపోతోందని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు గుర్తుచేసినా కదల్లేదు, చివరికి ఓడిపోయి లేచారు.

వరండాలో ప్రిన్సిపాల్ గారితో అన్నారు. "సాహిత్యం గంట ఉండాల్సిందే. ఎవరైనా తీసేయమంటే నాతో మాట్లాడమనండి." తర్వాత నా వైపు తిరిగారు. "ఈ గంట మీరే ఉంచుకోండమ్మా. మీకు ఇష్టమే కదా?"

అబద్ధం చెప్పలేను. ఇష్టమే. ఆ వేళ ఆ వరండాలో దానికంటే నాకు కావాల్సింది ఇంకోటి లేదు. ఇన్నేళ్ళూ అడిగిన అదనపు గంట చేతికి వచ్చి నిలబడింది, అదీ నేను అడిగినదానికంటే ఎంతో బాగా.

"ఇష్టమేనండీ," అన్నాను. "కానీ అది మా తోడికోడలిది. ఆవిడ వచ్చేదాకా చూసి పెడుతున్నాను, అంతే."

ఇంటికి ఎలా వెళ్ళానో తెలీదు, ఈసారి మాత్రం స్టాపు దాటిపోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాను. బడి విప్పలేదు. వంటింట్లోంచి అత్తగారు చూస్తుండగానే తిన్నగా వెళ్ళి మా తోడికోడలి గది తలుపు తట్టాను. కళ్ళద్దాలు చెమటకి జారుతుంటే తీయబోయి, మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాను. ఆవిడ ముఖం నాకు స్పష్టంగా కనబడాలి.

తలుపు తీసింది. భుజం మీద పిల్ల నిద్రపోతోంది.

"నీ గంట తీసేద్దామనుకున్నారు," అన్నాను ఊపిరాడకుండా. "తీయనివ్వలేదు. నీ పోస్టు నీకుంది. మనమే గెలిచాం!"

మా తోడికోడలి ముఖం చూశాను. మొదట భయం, తర్వాత అర్థమై కళ్ళనిండా నీళ్ళు. జాలి చూపు కోసం వెతికాను, ఎక్కడా లేదు. వెనక నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"బడి మాట లోపలికి తెచ్చారూ! రేపట్నుంచి వంట మొగుళ్ళే. సరే, ఎలాగూ తెచ్చారు కాబట్టి మొత్తం చెప్పు. ఎవరు తీసేద్దామనుకున్నారు? ఎవరు గెలిచారు?"

"ఉండండత్తయ్యా," అంది మా తోడికోడలు, చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. పిల్లని చూడ్డానికి వచ్చిన విద్యార్థులెవరో నా క్లాసు సంగతులు ముందే మోసేసినట్టున్నారు. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి మంచం మీద కూర్చోబెట్టింది.

"జవాబొక్కటే చెబితే మార్కు వెయ్యను. ఎలా వచ్చిందో చూపించక్కా. ఏ పేజీ?"